నలుపు తెలుపులో విశాఖ: రీలు కడిగేదాకా నా అనుభవం

భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు చూసి వచ్చినవాళ్ళు ముందు రంగు గురించే చెబుతారు. కింద మట్టి ఎరుపు, దాని మీద పొదల పచ్చదనం, పైన ఆకాశం నీలం. అక్కడ ఫోన్లో తీసిన ఫొటో మీ దగ్గర ఉంటే ఎడిటింగ్‌లో దాని రంగు మొత్తం తీసేసి చూడండి. ఎరుపూ పచ్చా ఇంచుమించు ఒకే బూడిద రంగులోకి దిగిపోతాయి. దిబ్బ ఎక్కడ ఆగిందో, పొద ఎక్కడ మొదలైందో పోల్చుకోవడం కష్టం. నాకు బ్లాక్ అండ్ వైట్ మీద ఆసక్తి పుట్టింది సరిగ్గా ఇక్కడే. కంటికి అంత విడివిడిగా కనిపించిన రెండు వస్తువులు రంగు పోగానే ఎందుకు కలిసిపోయాయి? వాటిని మళ్ళీ విడదీయాలంటే ఏం చేయాలి? ఆ పని ఫొటో తీశాక చేయాలా, తీయకముందే చేయాలా?

తీయకముందే చేయాలన్నది నేర్చుకుంటూ పోతే నాకు దొరికిన జవాబు. ఏది ఎంత నల్లగా రావాలి, ఏది ఎంత తెల్లగా రావాలి అన్నది బటన్ నొక్కకముందే మనసులో తేల్చుకోవాలి. కెమెరా, ఫిల్ము, ఫిల్టరు, రసాయనాలు, కాగితం అన్నీ ఆ నిర్ణయాన్ని మోసుకెళ్ళే సాధనాలు. ఈ సంగతి ఎవరైనా మొదట్లోనే చెప్పి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. అందుకే ముందుగా అదే చెబుతున్నాను.

మొదలుపెట్టడానికి ఫిల్ము కెమెరా అక్కర్లేదు. నేను డిజిటల్ కెమెరాతోనే మొదలుపెట్టాను. కెమెరా మెనూలో మోనోక్రోమ్ అనే సెట్టింగు ఉంటుంది. దాన్ని పెట్టుకుని, ఫైళ్ళు రా పద్ధతిలో దాచుకునేలా చేస్తే రెండు లాభాలు. వెనక తెర మీద లోకమంతా నలుపు తెలుపులో కనిపిస్తుంది. రా ఫైల్లో మాత్రం రంగుల సమాచారం చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి, తర్వాత కంప్యూటర్లో ఎరుపును లేతగా చేయాలా, నీలాన్ని ముదురు చేయాలా అన్నది మన చేతిలోనే ఉంటుంది. ఫోన్ ఉన్నవాళ్ళు కూడా కెమెరాను మోనో ఫిల్టర్‌లో పెట్టుకుని ఇదే సాధన చేయొచ్చు.

సాధనకు పూర్ణా మార్కెట్ కంటే మంచి చోటు నాకు కనిపించలేదు. ఉదయాన్నే కూరగాయలు దిగే వేళకు వెళ్ళాలి. టమాటాల గుట్ట పక్కనే పచ్చిమిరపకాయల గుట్ట ఉంటుంది. కంటికి పండగలా ఉంటుంది, తెర మీద రెండూ ఒకే మసక. అదే గుట్ట మీదికి పై రేకుల సందులోంచి ఒక వెలుగు చార పడితే మాత్రం ప్రతి కాయకూ ఒక గుండ్రని ఆకారం వచ్చేస్తుంది. అరటి గెలలు, గోనె సంచుల నేత, తక్కెడ గొలుసులు, కూర్చున్న అమ్మ చేతి గాజులు ఇవన్నీ రంగు సాయం లేకుండానే నిలబడతాయి. కొన్నాళ్ళు అలా తిరిగాక ఏది నిలబడుతుందో ఏది కలిసిపోతుందో కెమెరా ఎత్తకుండానే తెలియడం మొదలైంది. కళ్ళు సగం మూసి చూడటం అలవాటు చేసుకున్నాను. అలా చూస్తే చిన్న వివరాలు పోయి పెద్ద పెద్ద వెలుగు నీడల ముద్దలు మాత్రమే మిగులుతాయి. ఆ ముద్దల అమరిక బాగుంటే ఫొటో బాగుంటుంది. ఇంతకంటే పనికొచ్చే చిట్కా నాకు ఇంకొకటి తెలియదు.

విశాఖ వెలుతురు గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నేర్చుకునేవాళ్ళకు అదే అసలు గురువు. మన సముద్రం తూర్పున ఉంది. పొద్దున్న సూర్యుడు నీళ్ళ మీదినుంచి వస్తాడు, అంటే ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తే పడవలు, మనుషులు, వలలు అన్నీ ఎదురు వెలుగులో నల్లటి ఆకారాలవుతాయి. సాయంత్రం సూర్యుడు కొండల వైపు దిగిపోతాడు, సముద్రం మీద మెత్తటి, నీడలు లేని వెలుతురు ఉంటుంది. ఒకే చోటు పొద్దున్న ఒక ఫొటో, సాయంత్రం పూర్తిగా వేరే ఫొటో. ఎండాకాలం ఉదయం తొమ్మిది దాటాక ఆకాశం తెల్లబడిపోతుంది, సముద్రపు తేమ వల్ల దూరపు కొండలు మసకేస్తాయి. ఆ వేళల్లో నేను వన్ టౌన్ సందుల్లోకి వెళతాను. కురుపాం మార్కెట్ చుట్టుపక్కల ఇరుకు వీధుల్లో ఎండ ఒక గోడ మీద మాత్రమే పడుతుంది, ఎదుటి గోడ నీడలో ఉంటుంది. పాత చెక్క తలుపులు, పెచ్చులూడిన సున్నం, కిటికీ ఊచలు ఆ పక్క వెలుతురులో గరుకుగా, చేతికి తగిలేలా కనిపిస్తాయి. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు కూడా అంతే. వాటి మీది చెక్కుడు చదవాలంటే ఏటవాలు ఎండ ఉండాలి, మిట్టమధ్యాహ్నం వెళితే అన్నీ చదునైపోతాయి. మబ్బు పట్టిన రోజుల్ని మాత్రం మనుషుల ఫొటోల కోసం దాచుకుంటాను.

ఫిల్ము వైపు వెళ్ళడానికి కారణం మా పెదనాన్నగారి పెంటాక్స్ కె1000. బీరువాలో ఏళ్ళ తరబడి ఉండిపోయింది. ఇది 1976లో వచ్చిన మోడల్. షట్టర్ పూర్తిగా యంత్రం మీదే నడుస్తుంది, బ్యాటరీ వెలుతురు కొలిచే లైట్ మీటరుకు మాత్రమే కావాలి. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కూడా పని చేసింది. విశాఖలో పాత కెమెరా తీసుకునేవాళ్ళు రెండు విషయాలు తప్పక చూడాలి. ఒకటి లెన్సులో బూజు. సముద్రపు గాలి తేమకు అద్దాల మీద సాలెగూడు దారాల్లా పాకుతుంది. లెన్సును టార్చి వెలుతురుకు ఎదురుగా పట్టి, లోపలికి ఏటవాలుగా చూస్తే కనిపిస్తుంది. రెండోది వెనక తలుపు అంచున ఉండే నల్లటి స్పాంజి. అది కాలం గడిచేకొద్దీ జిగురుగా కరిగిపోయి, సందుల్లోంచి వెలుతురు లోపలికి రానిస్తుంది. స్పాంజి మార్పించడం పెద్ద పని కాదు, బూజు ముదిరిన లెన్సు మాత్రం వదిలేయడమే మంచిది. ఇప్పుడు నా కెమెరా గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పాటు ఉంటుంది. ఆ గుళికలు తేమ పీల్చి రంగు మారగానే మళ్ళీ వేడి చేసి వాడుకుంటాను.

మీటరును గుడ్డిగా నమ్మకూడదన్నది ఫిల్ము నేర్పే మొదటి పాఠం. దానికి తెలుపు, నలుపు తెలియవు. ఎటు చూపించినా ఆ చోటును మధ్యస్థపు బూడిద రంగులోకి తేవడానికే లెక్క చెబుతుంది. వెలుతురులో దాదాపు 18 శాతాన్ని తిప్పి పంపే బూడిద రంగు దాని ప్రమాణం. తెల్ల పంచె నిండుగా కనిపించే ఫ్రేమును మీటరు చెప్పినట్టు తీస్తే పంచె మాసినట్టు వస్తుంది. తారు పూసిన పడవ పక్కను దాని మాట ప్రకారం తీస్తే నలుపు వెలిసిపోతుంది. నెగటివ్ ఫిల్ముతో పనిచేసేవాళ్ళ పాత సూత్రం ఏమిటంటే, ఎక్స్‌పోజర్ నీడల కోసం, డెవలప్ చేయడం వెలుగుల కోసం. నీడలో నాకు వివరం కావాల్సిన చోటు చూసుకుని, అక్కడ మీటరు చదివి, దానికంటే రెండు స్టాపులు తగ్గిస్తాను (ఒక స్టాపు తగ్గితే ఫిల్ముకు చేరే వెలుతురు సగమవుతుంది). అప్పుడు నీడ నీడలాగే ఉంటుంది, అందులోని వల దారాలూ కనిపిస్తాయి. అమెరికా ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి 1940 ప్రాంతంలో రూపొందించిన జోన్ సిస్టమ్‌లో ఇది ఒక చిన్న భాగం. మొత్తం సిస్టమ్ చదివితే తల తిరుగుతుంది, మొదట్లో ఈ ముక్క చాలు. డిజిటల్‌లో లెక్క దీనికి తలకిందులు. అక్కడ తెలుపు ఒకసారి కాలిపోతే తిరిగి రాదు కాబట్టి వెలుగుల్ని కాపాడుకోవాలి, నీడల్ని తర్వాత పైకి లాగొచ్చు.

మీటరు లేకపోయినా పని ఆగదు. నిండు ఎండలో అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) 16 పెట్టి, షట్టర్ వేగం ఫిల్ము ఐఎస్ఓ అంకెకు, అంటే వెలుతురుకు అది ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకెకు, దగ్గరగా పెడితే సరిపోతుంది. 400 ఫిల్ముకు సెకనులో 500వ వంతు. మన దగ్గర ఎండ మసకగా ఉండే రోజుల్లో నేను ఇంకో స్టాపు తెరుస్తాను. నేను ఎక్కువగా వాడేది ఇల్‌ఫర్డ్ హెచ్‌పి5 ప్లస్. వెలుతురు అంచనాలో కాస్త అటూ ఇటూ అయినా ఓర్చుకునే ఫిల్ము, కొత్తవాళ్ళకు అదే చెబుతాను.

రీలు కడగడం, అంటే తీసిన ఫిల్మును రసాయనాల్లో ముంచి బొమ్మ రప్పించడం, నాకు నేర్పింది వన్ టౌన్‌లో ఒకప్పుడు స్టూడియో నడిపిన ఒక పెద్దాయన. తెలిసినవాళ్ళ ద్వారా వాళ్ళింటికి వెళ్ళాను. కెమెరా చూడగానే నవ్వి, "ఏటమ్మా, రంగులొచ్చి ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడిదేటి?" అన్నారు. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్ళి, గుడ్డ కప్పి ఉన్న ఎన్‌లార్జర్, అంటే నెగటివ్‌ను కాగితం మీద పెద్దగా ప్రింటు వేసే యంత్రం, చూపించారు. "తీసీలేదు తల్లీ, తీసీడానికి మనసొప్పలేదు" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన నాకు మాస్టారు.

మాస్టారి కాలంలో ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ళ ఇందు ఫిల్ము, ఇందు కాగితం వాడేవాళ్ళట. అది 1960లో పుట్టిన ప్రభుత్వ సంస్థ, ఇప్పుడు లేదు. ఫిల్ము మీద బొమ్మను పైకి తెచ్చే ద్రావణం, డెవలపర్, మాత్రం స్టూడియోలోనే కలుపుకునేవారు. డి-76 అనే డెవలపర్ పాళ్ళు ఆయనకు ఇప్పటికీ నోటికి వచ్చు. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. ముందు గోరువెచ్చని దాని కంటే కాస్త ఎక్కువ వేడి ఉన్న నీళ్ళలో మెటాల్ కరగాలి, తర్వాతే సల్ఫైట్. ఈ వరస తప్పితే సల్ఫైట్ ఎక్కువగా ఉన్న నీళ్ళలో మెటాల్ కరగదు. మెటాల్ కొందరి చర్మానికి పడదు కాబట్టి నేను చేతికి గ్లవుజులు లేకుండా ముట్టుకోను. ఇప్పుడు ప్యాకెట్లో వచ్చే పొడినే వాడుతున్నాను గానీ, లోపల ఏముందో తెలిసి వాడటంలో ఒక ధైర్యం ఉంది. మెటాల్, హైడ్రోక్వినోన్ వెలుతురు తగిలిన వెండి లవణాల్ని నల్లటి వెండిగా మారుస్తాయి. సల్ఫైట్ ఆ ద్రావణం గాలికి పాడవకుండా కాపాడుతుంది. బోరాక్స్ పనిని నిదానంగా, సమంగా నడిపిస్తుంది.

అసలు కష్టం నీళ్ళ వేడి. పుస్తకాలన్నీ 20 డిగ్రీల దగ్గర లెక్కలు చెబుతాయి. మే నెలలో మా మేడ మీది ట్యాంకు నీళ్ళు 30 దాటి ఉంటాయి. హెచ్‌పి5ను ఐడి-11 డెవలపర్‌లో, సగానికి సగం నీళ్ళు కలిపి కడిగితే 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు పడుతుంది. 24 డిగ్రీల దగ్గర దాదాపు 9 నిమిషాలు. వేడి ఇంకా పెరిగేకొద్దీ సమయం తగ్గిపోయి, చివరికి అయిదు నిమిషాల లోపుకు వస్తుంది. అంత తక్కువ సమయంలో డెవలపర్ ఫిల్ము అంతటా సమానంగా పనిచేయదు. ఆకాశంలో చారలు, అంచుల్లో మరకలు వస్తాయి. మాస్టారు దీనికి తేలిక మార్గం చెప్పారు. "నీలు సల్లబడాల, కానీ ఐసు మందులో ఎయ్యకూడదు." పెద్ద టబ్బులో నీళ్ళు పోసి, ప్లాస్టిక్ సీసాల్లో గడ్డకట్టించిన నీళ్ళు అందులో పడేసి, డెవలపర్, హైపో (బొమ్మను శాశ్వతంగా నిలిపే ద్రావణం), కడిగే నీళ్ళు అన్నిటినీ ఆ టబ్బులో నిలబెట్టాలి. 24 దగ్గరికి వచ్చాక మొదలుపెట్టాలి. అన్నీ ఒకే వేడిలో ఉండటం ముఖ్యం. చల్లటి డెవలపర్ నుంచి వేడి నీళ్ళలోకి ఒక్కసారిగా తీసుకెళితే ఫిల్ము మీది పొర ఉలిక్కిపడి ముడతలు పడొచ్చు. 20 కోసం పాకులాడటం కంటే 24 దగ్గర స్థిరంగా పనిచేయడం మన ఊరికి సరైన పద్ధతి అని నా నమ్మకం.

రీలు కడిగే చిన్న ట్యాంకు (వెలుతురు చొరబడని మూత డబ్బా)లోకి ఫిల్ము ఎక్కించడం పూర్తి చీకట్లో జరగాలి. ఈ ఫిల్ములు అన్ని రంగుల వెలుతురుకూ స్పందిస్తాయి కాబట్టి ఎర్ర బల్బు కూడా పనికిరాదు. నేను చేంజింగ్ బ్యాగు వాడతాను. రెండు చేతులూ దూర్చి లోపల పనిచేసే నల్లటి గుడ్డ సంచి అది. ఉక్కపోతలో ఆ సంచిలో చేతులు నిమిషాల్లో చెమట పడతాయి. ఫిల్మును చుట్టే ప్లాస్టిక్ స్పైరల్‌కు తడి తగిలితే దాని మీద ఫిల్ము ముందుకు జారదు, బలవంతం చేస్తే మడత పడి ఆ చోట నెలవంకలాంటి మచ్చ మిగులుతుంది. అందుకే ఈ పని తెల్లవారుజామున, ఫ్యాను కింద, స్పైరల్ బాగా ఆరి ఉన్నప్పుడు చేస్తాను. పనికిరాని ఫిల్ము ఒకటి తీసుకుని ముందు కళ్ళు తెరిచి, తర్వాత కళ్ళు మూసుకుని, ఆ తర్వాత సంచిలో సాధన చేస్తే వేళ్ళకు అలవాటవుతుంది. ఈ దశను దాటవేయకండి.

ట్యాంకు మూత పడ్డాక ఇక వెలుతురులోనే పని. డెవలపర్ పోసి మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు తలకిందులు చేసి, బుడగలు పోయేలా అడుగును నెమ్మదిగా తట్టి, తర్వాత ప్రతి నిమిషం మొదట్లో మళ్ళీ నాలుగుసార్లు. ఎప్పుడూ ఒకేలా చేయడమే రహస్యం. ఎక్కువ ఊపితే వెలుగులు మరీ గట్టిపడతాయి. డెవలపర్ పారబోసి, దాని పనిని ఆపేందుకు స్టాప్ బాత్‌గా పలచటి ఎసిటిక్ ఆమ్లం కొన్ని సెకన్లు, తర్వాత హైపో. వెలుతురు తగలని వెండి లవణాల్ని హైపో కరిగించేస్తుంది కాబట్టే బొమ్మ శాశ్వతమవుతుంది. దాని ఈ గుణాన్ని ఇంగ్లీషు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు, ఫొటోగ్రఫీ పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందే. ఇది నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. వాడిన హైపోలో వెండి ఉంటుంది, మొక్కల్లో పోయకూడదు. మాస్టారి రోజుల్లో వెండి తీసేవాళ్ళు వచ్చి పాత హైపో కొనుక్కుపోయేవాళ్ళట.

ఆ తర్వాత హైపో పోయేలా నీళ్ళతో కడగడానికి కుళాయి కింద అరగంట పెట్టే అవసరం లేదు. ట్యాంకు నింపి అయిదుసార్లు తిప్పి పారబోయడం, మళ్ళీ నింపి పదిసార్లు, మళ్ళీ నింపి ఇరవైసార్లు. ఇల్‌ఫర్డ్ వాళ్ళు చెప్పే ఈ పద్ధతి మున్సిపాలిటీ నీళ్ళు వేళకు వచ్చి వేళకు పోయే ఇళ్ళకు వరం. చివరి మునక మాత్రం డిస్టిల్డ్ వాటర్‌లో ముంచుతాను. మా బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, ఆరాక నెగటివ్ మీద తెల్లటి చుక్కలు నిలిచిపోతాయి. ఆరబెట్టేది బాత్‌రూమ్‌లో, తలుపు వేసి. బాల్కనీలో వేలాడదీస్తే గాలికి సన్నటి ఇసుక అంటుకుంటుంది. మొదటిసారి తడి ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూసినప్పుడు, పడవలు తెల్లగా, ఆకాశం నల్లగా, నేను తీసిన ప్రతిదీ తిరగబడి వరసగా కనిపించింది. అప్పుడు కలిగిన సంతోషం ఇంత కాలమైనా తగ్గలేదు.

లెన్సు ముందు పెట్టే రంగు అద్దాలు, అంటే ఫిల్టర్ల సంగతికి వస్తే మళ్ళీ ఎర్రమట్టి దిబ్బలే. ఫిల్టరు తన రంగు వస్తువుల్ని తేలిక చేస్తుంది, ఎదుటి రంగుల్ని ముదురు చేస్తుంది. లెన్సు మీద ఎర్ర ఫిల్టరు పెడితే మట్టి తెల్లగా లేస్తుంది, పొదలు నల్లబడతాయి, నీలాకాశం కూడా నల్లబడి మబ్బులు పైకి వస్తాయి. పచ్చ ఫిల్టరు పెడితే ఆకులు వెలుగుతాయి, మట్టి బరువెక్కుతుంది. అదే చోటు, అదే గంట, రెండు వేర్వేరు దిబ్బలు. నాకు పచ్చ ఫిల్టరుతో వచ్చినవే ఎక్కువ నచ్చాయి. నీళ్ళు కోసిన ఆ లోయల్లో నీడలు లోతుగా వస్తాయి, మట్టికి ఉన్న బరువు తెలుస్తుంది. ఎర్ర ఫిల్టరుకు మూడు స్టాపులు పోతాయి. 500వ వంతు, అపెర్చర్ 16 కావాల్సిన చోట 250వ వంతు, అపెర్చర్ 8 పెట్టాలి. కెమెరా మీటరు ఎర్ర అద్దం వెనకనుంచి చదివితే కొన్నిసార్లు పొరపాటు లెక్క చెబుతుంది. అందుకే ఫిల్టరు పెట్టకముందు చదివి, మూడు స్టాపులు నేనే కలుపుకుంటాను. రోజువారీ పనికి మాత్రం పసుపు ఫిల్టరు చాలు. ఒక్క స్టాపు ఖర్చు, ఆకాశం కంటికి కనిపించినంత ముదురుగా వస్తుంది, సముద్రం మీది మసక కొంత తగ్గుతుంది. ఏదో ఒక్కటే కొనాలంటే అదే కొనండి.

మనుషుల్ని తీసేటప్పుడు ఎర్ర ఫిల్టరు జోలికి పోను. అది ఒంటి రంగును తెల్లబరుస్తుంది, పెదవులు పాలిపోతాయి. ఈ విషయంలో నాకూ మాస్టారికీ అభిప్రాయ భేదం ఉంది. స్టూడియోలకు వచ్చేవాళ్ళు మొహం తెల్లగా రావాలని అడిగేవాళ్ళు, మాస్టారు సన్నటి పెన్సిలు మొనతో నెగటివ్ మీద ఓపికగా దిద్ది తెల్లబరిచేవారు. ఆ చేతిపని గొప్పది, నేను చూశాను. కానీ ఫిషింగ్ హార్బర్‌లో పనిచేసే మనిషి ఒంటి నలుపును తేలిక చేస్తే ఆ మనిషి పోయి ఇంకెవరో మిగులుతారు. నల్లటి చర్మం మీద వెలుతురు మెరిసే తీరు బ్లాక్ అండ్ వైట్‌కు దొరికిన పెద్ద వరం. ఎదురు ఎండలో కాకుండా, షెడ్డు నీడలో నిలబెట్టి, ఆకాశం ఒక పక్కనుంచి మాత్రమే వెలుతురు ఇచ్చేలా చూస్తే నుదురు, దవడ, భుజం ఎముక ఒక్కొక్కటీ మెరుపుతో తీర్చినట్టు వస్తాయి. మీటరు చర్మం మీదే చదివి, ఒక స్టాపు తగ్గిస్తే నలుపు నలుపుగా నిలుస్తుంది. కెమెరామన్ మార్కస్ బార్ట్లీ విజయా వారి సినిమాల్లో వెన్నెలను ఎలా పట్టుకున్నారో చూసి పెరిగిన వాళ్ళం మనం. నలుపులో ఎన్ని మెట్లు ఉంటాయో ఆయన వెన్నెల చూస్తే తెలుస్తుంది.

హార్బర్‌కు వెళ్ళేవాళ్ళు అడిగి తీయాలి. వేలం సాగుతున్నప్పుడు ఎవరి దారికీ అడ్డు నిలబడకూడదు. "ఏటమ్మా, మా ఫొటోలు తీసి ఏం సేస్తావు?" అని చేపలమ్మే ఒక అక్క అడిగితే, ప్రింటు వేసి తెచ్చి ఇస్తానన్నాను, ఇచ్చాను. అప్పటినుంచి అక్కడ నన్ను పిలిచి మరీ చెబుతారు, ఫలానా పడవ ఫలానా వేళకు వస్తుందని. ఇంకో మాట, ఇది నేవీ ఊరు. డాల్ఫిన్స్ నోస్ వైపు, పోర్టు లోపల, నేవీ గోడల దగ్గర ఫొటోలు తీయకూడదన్న బోర్డులుంటాయి. వాటిని గౌరవించండి, అనుమానంగా ఉంటే కెమెరా సంచిలో పెట్టేయండి.

ప్రింటు వేయడం మాస్టారి ఎన్‌లార్జర్ మీదే నేర్చుకున్నాను. ఇక్కడ ఎర్ర బల్బు వెలిగించుకోవచ్చు, కాగితం ఆ వెలుతురును పట్టించుకోదు. ముందు రీలు మొత్తాన్ని ఒకే కాగితం మీద పరిచి కాంటాక్ట్ షీట్ వేయాలి. ముప్పై ఆరు బొమ్మలు చిన్నగా, పక్కపక్కన ఉంటే ఏది నిలబడిందో ఇట్టే తెలిసిపోతుంది. ఎంచుకున్న నెగటివ్‌కు ముందు సన్నటి కాగితం ముక్క మీద టెస్ట్ స్ట్రిప్, కొద్ది కొద్ది సెకన్లు పెంచుకుంటూ. దాన్నిబట్టి మొత్తం కాగితానికి సమయం నిర్ణయమవుతుంది. తర్వాత కాంట్రాస్ట్. మల్టీగ్రేడ్ కాగితానికి 00 నుంచి 5 దాకా ఫిల్టర్లుంటాయి, అంకె పెరిగేకొద్దీ నలుపు తెలుపుల మధ్య తేడా పెరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళందరికీ గట్టి నలుపు మీద మోజుంటుంది. నేను మాత్రం మొదటి ప్రింటు ఎప్పుడూ 2 దగ్గరే వేసి, అవసరమైతేనే పైకి వెళతాను. మధ్యలోని బూడిద రంగులు పోతే మన ఊరి తేమ గాలి కూడా ఫొటోలోంచి పోతుంది.

మాస్టారు ఎన్‌లార్జర్ వెలుతురు కింద చేతులు ఆడిస్తూ ఒక చోట నీడ పట్టి తేలిక చేయడం, ఇంకో చోట గుప్పిట సందులోంచి ఎక్కువ వెలుతురు పోసి ముదురు చేయడం చూస్తే నాట్యం చూసినట్టుంటుంది. చేతులు కదులుతూనే ఉండాలి, ఆగితే అంచు గీత పడుతుంది. కాగితం డెవలపర్ ట్రేలో పడ్డ కొన్ని సెకన్లకు ముందు ముదురు నలుపులు లేస్తాయి, తర్వాత మొహాలు. నిమిషం పూర్తయ్యేదాకా తీయకూడదు, ఎంత బాగా కనిపిస్తున్నా. ఎర్ర వెలుతురులో ప్రింటు ఎప్పుడూ అసలుకంటే ముదురుగా కనిపిస్తుంది. ఆరాక ఇంకా కొంచెం చిక్కబడుతుంది. అందుకే తెల్లటి వెలుతురులో, ఆరిన తర్వాతే తీర్పు చెప్పాలి.

ప్రస్తుతం నా దగ్గర వలలు అల్లేవాళ్ళ నెగటివ్‌లు ఒక వరసగా తయారయ్యాయి. ఇప్పటిదాకా ప్లాస్టిక్ పూత ఉన్న ఆర్‌సి కాగితం మీదే వేశాను, త్వరగా కడిగి ఆరబెట్టుకోవచ్చు కాబట్టి. వీటిని మాత్రం ఫైబర్ కాగితం మీద వేయాలని ఉంది. దాని నలుపులకు ఉండే లోతు ఆర్‌సికి రాదు. కానీ ఫైబర్ కాగితం హైపోను లోపలికంటా పీల్చుకుంటుంది, గంట దాకా పారే నీళ్ళలో కడగాల్సి వస్తుంది. కడిగే సమయం తగ్గించే క్లియరింగ్ ద్రావణం ఒకటి మాస్టారు కలిపి ఇస్తానన్నారు. అది వచ్చాక, వానలు పడి బావిలో నీళ్ళు పైకి వచ్చే రోజుల్లో మొదలుపెడతాను.